మారు అడగలేని భోజనం

అమ్మ అడిగింది ఒక్కటే మాట. "నాయనా, ఇంగొంచెం సంగటి ఏస్తావా?"

వడ్డించే కుర్రాడిది పలమనేరు వైపు. మా మాటలు విని అప్పటికే తెలుగులోకి దిగాడు. అమ్మ అలా అడిగేసరికి అతని మొహం చిన్నబోయింది. "అడిగొస్తా ఉండమ్మా" అని లోపలికి వెళ్లి రెండు నిమిషాల్లో తిరిగొచ్చాడు. "లేదంటమ్మా. తలా ఒకటే లెక్క." ఆ మాట చెప్పడానికి అతను ఎంత నలిగాడో ఎదురుగా కూర్చున్న నాకు కనబడింది.

సంక్రాంతికి వారం ముందు బెంగళూరు నడిబొడ్డున, పేరున్న ఒక రెస్టారెంట్‌లో జరిగిన సంగతి ఇది. హిందూపురం నుంచి అమ్మ వచ్చింది. మా పెళ్లయి పదేళ్లు నిండిన రోజు. ముగ్గురం వెళ్లాం. టేస్టింగ్ మెనూ, పది వంటకాలు, రెండున్నర గంటలు. మనం ఏదీ ఎంచుకోనక్కర్లేదు. షెఫ్ అనుకున్న వరుసలో ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. మనిషికి 6,500 రూపాయలు, దాని మీద 10 శాతం సర్వీస్ చార్జి, ఆ మొత్తం మీద 5 శాతం జీఎస్టీ. ముగ్గురికీ కలిపి 22,522 రూపాయలు. టేబుల్ బుక్ చేసినప్పుడే కట్టించుకున్నారు.

ఇంత డబ్బుకు ఇంతేనా అన్నది నా బాధ కాదు. ఇరవై, ముప్పై మందికి మించి కూర్చోని చోట, రాత్రికి ఒకటో రెండో విడతలు మాత్రమే నడిచే చోట, దాదాపు తినేవాళ్లకు సరిసమానంగా పనివాళ్లుండే చోట ధర అలాగే ఉంటుంది. నగరం నడిబొడ్డున అద్దె సంగతి చెప్పనే అక్కర్లేదు. సర్వీస్ చార్జి విషయం మాత్రం వేరు. దాన్ని బిల్లులో తమంతట తాముగా కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలిచ్చింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. అయినా ముందే కట్టించుకునే పద్ధతిలో అడిగే సందర్భమే రాదు. అది మారాలి. కానీ ఆ రాత్రి నన్ను కుంగదీసింది బిల్లు కాదు, సంగటి.

రాగి సంగటి ఎలా తింటామో సీమవాళ్లకు చెప్పక్కర్లేదు. బియ్యం మెత్తగా ఉడికాక రాగిపిండి పోసి, తెడ్డుతో కెలికి, చేతికి నీళ్లద్దుకుని ముద్ద చేస్తారు. బెంగళూరు ముద్దెలో సాధారణంగా పిండి ఒక్కటే. మనదాంట్లో బియ్యం పలుకు నాలుకకు తగులుతుంది. ముద్ద పళ్లెంలో పడగానే బొటనవేలితో నడుమ గుంత చేస్తాం. అందులో నాటుకోడి పులుసు పోస్తే అది అంచులు దాటి జారుతుంది. పక్కనుంచి కొంచెం తుంచి, పులుసులో అద్ది, పెద్దగా నమలకుండా మింగుతాం. వేడి వేడిగా గొంతు దిగాల్సిన తిండి అది.

అక్కడ వచ్చింది రేగుపండంత ముద్ద. నల్లటి పెద్ద మట్టిపళ్లెంలో ఒక మూలన పెట్టారు. చుట్టూ పులుసు ఆరు చుక్కలుగా ఉంది. అమ్మ అలవాటుగా బొటనవేలు ఆనించింది. గుంత చేసే చోటు లేదు. వేలు పళ్లేనికి తగిలింది. చేయి వెనక్కి తీసుకుని, పక్కనున్న చెంచా చూసి, నా వైపు చూసింది. ఆ చూపు నేను మరిచిపోలేను. అరవై ఏళ్లుగా తింటున్న తిండి ముందు, దాన్ని ఎలా తినాలో తెలియని మనిషిగా ఆమె కూర్చుంది.

ఇంటికొచ్చాక కూడా దాని గురించే ఆలోచించాను. తప్పు ఎక్కడ జరిగింది? వండినవాళ్లకు పని రాదనడానికి లేదు. వచ్చు, బాగా వచ్చు. మన భోజనంలో ఆఖరి వంట జరిగేది వంటింట్లో కాదు, తినేవాడి చేతిలో. ఆ సంగతి వదిలేసి, ఆఖరి వంట కూడా వంటగదిలోనే ముగించాలనే పద్ధతిలోకి మన తిండిని తోశారు. చిక్కు అక్కడుంది.

పప్పు ఎంత, అన్నం ఎంత, నెయ్యి ఎంత, ఊరగాయ ముక్క ఎప్పుడు కొరకాలి అనేది ఏ వంటమనిషీ నిర్ణయించడు. ఆకు ముందు కూర్చున్నవాడు ముద్ద ముద్దకూ నిర్ణయించుకుంటాడు. మా ఇంట్లోనే ముగ్గురికి మూడు పాళ్లు. నా భార్యది గుంటూరు. ఆవకాయ పిండితో అన్నం ఎర్రబడాలి. అమ్మకు పప్పు ఎక్కువ, కారం అంటీ అంటనట్టు. నాకు ఆ రెంటికీ నడుమ. ఆ రాత్రి మూడో వంటకంగా పప్పన్నం, ఆవకాయ వచ్చాయి: కరకరలాడే బియ్యపు పలక మీద పప్పు ముద్ద, దాని మీద ఆవకాయ నూనె రెండు చుక్కలు. నా భార్యకు చప్పగా ఉంది, అమ్మకు గొంతు మండింది. సరిచేసుకునే వీలు ఇద్దరికీ లేదు.

ఈ పద్ధతి పుట్టిన చోట అది ఇబ్బంది కాదు. ఒకప్పుడు ఫ్రాన్స్ విందుల్లో వంటకాలన్నీ ఒకేసారి బల్ల మీద పరిచేవాళ్లు. ఒకదాని తర్వాత ఒకటి తెచ్చే 'రష్యా పద్ధతి' అక్కడ 19వ శతాబ్దంలో స్థిరపడింది. 1960, 70లలో వచ్చిన కొత్త వంట ఉద్యమం, అంటే 1973లో ఆన్రి గో, క్రిస్టియాన్ మియో అనే విమర్శకులు సూత్రాలు రాసిపెట్టిన 'నువెల్ క్విజీన్', పళ్లెం సర్దే పనిని కూడా షెఫ్ చేతికి అప్పగించింది. మాంసం ఎంత, సాస్ ఎంత, ఆకు ఎక్కడ అన్నీ వంటగదిలోనే తేలిపోతాయి. ఆ తిండికి అది సరిపోతుంది. సాస్‌ను మళ్లీ కలుపుకుని తినే అలవాటు వాళ్లకు లేదు.

ఆ ఫ్రెంచి షెఫ్‌లలో కొందరు జపాన్ వెళ్లి కైసెకి భోజనం చూసి వచ్చారు. చిన్న చిన్న వంటకాలు, కాలానికి తగ్గ పాత్రలు, వరుస క్రమం వాళ్లను ఆకట్టుకున్నాయి. ఈనాటి టేస్టింగ్ మెనూలో ఆ నీడ చాలా ఉంది. కానీ అందరూ ఒకటి మరిచిపోతారు. జపాన్ రెస్టారెంట్లలో కైసెకి ఎంత ఖరీదైనదైనా చివర్లో అన్నం, మిసో సూప్, ఊరబెట్టిన కూరగాయలు వస్తాయి. టీ వేడుకకు ముందు పెట్టే కైసెకిలోనైతే అన్నం గిన్నెను ఆతిథేయి మళ్లీ మళ్లీ తెచ్చి అతిథుల ముందుంచుతాడు. అంటే మారు ఉంది! ప్రపంచంలో అందరూ గొప్పదని తల వంచే ఆ భోజనంలో, ఇంకొంచెం పెట్టించుకోవడం మర్యాదలో భాగం. మనవాళ్లు ఆ పాత్రలు, ఆ రాళ్లు, ఆ పూరేకులు తెచ్చుకున్నారు, అన్నం గిన్నెను అక్కడే వదిలేశారు.

మనకూ వరుస ఉంది కదా. పప్పు, కూర, పులుసు, చారు, పెరుగు. కారం నుంచి పులుపుకు, పులుపు నుంచి చల్లదనానికి నాలుకను మెల్లగా దించే క్రమం అది. చివరి పెరుగన్నంతో కడుపు సర్దుకుంటుంది. ఆ రాత్రి పది వంటకాల్లో పెరుగు ఒక్కసారే వచ్చింది, ఏడో చోట, గడ్డకట్టిన పొడి రూపంలో. తర్వాత మళ్లీ మాంసం, ఆ తర్వాత విడగొట్టిన ఓళిగ, అంటే బొబ్బట్టు.

పులుసు గోళీల సంగతి కూడా చెప్పాలి. ఉలవచారు, చింతపండు కలిపిన ద్రవాన్ని పలుచటి పొరలో బంధించి గోళీలుగా తెచ్చారు. స్పెయిన్‌లోని ఎల్ బుల్లి అనే రెస్టారెంట్‌లో షెఫ్ ఫెర్రాన్ అద్రియా బృందం 2003 ప్రాంతంలో ఈ విద్యకు పేరు తెచ్చింది. సముద్రపు నాచు నుంచి తీసే సోడియం ఆల్జినేట్‌ను ద్రవంలో కలిపి, కాల్షియం నీళ్లలో చుక్కలుగా వదిలితే పైన పొర కడుతుంది. అయితే పులుపు ఎక్కువున్న ద్రవంలో ఆల్జినేట్ సరిగా కలవదు, ముందే గడ్డకడుతుంది. అందుకని సోడియం సిట్రేట్ వేసి పులుపును తగ్గిస్తారు. చింతపండు పులుసుకు పులుపే ప్రాణం. దాన్ని తగ్గించి గోళీ చేస్తే మిగిలేది గోళీయే. కాల్షియాన్ని పులుసులో కలిపి ఆల్జినేట్ నీళ్లలో వదిలే తిరగేసిన పద్ధతి ఉంది, పుల్లటి వాటికి అదే నయం. ఏ పద్ధతైనా సరే, నా నాలుక మీద పగిలిన ఆ గోళీలో పులుపుకు పదును లేదు.

వేడి కూడా లేదు. వెడల్పాటి చల్లటి పళ్లెంలో చెంచాడు పులుసు ఎంతసేపు వేడిగా ఉంటుంది? పెద్ద గిన్నెలో ఉన్న వేడి చుక్కలో నిలవదు. పైగా ప్రతి వంటకానికీ ముందు కథ. ఏ ఊరి మిరప, ఏ నాయనమ్మ జ్ఞాపకం, ఎన్ని రోజులు ఊరబెట్టారు. ఆ కుర్రాడు శ్రద్ధగా చెబుతున్నాడు, మేము శ్రద్ధగా వింటున్నాం, పళ్లెంలో పులుసు చల్లారిపోతోంది.

ఇంత చెప్పాక ఆ ఐదో వంటకం గురించి చెప్పకపోతే అన్యాయం చేసినవాణ్నవుతాను.

అది అనపకాయల కాలం. బెంగళూరులో అవరెకాయలంటారు, ఏటా వాటికోసం మేళాయే జరుగుతుంది. గింజల్ని నానబెట్టి, రెండు వేళ్ల మధ్య పితికితే తొక్క ఊడి లోపలి పప్పు జారుతుంది. మేం పితికిన పప్పు అంటాం. ఒకపూట కూరకు ఇంటిల్లిపాదీ కూర్చుని పితకాలి. ఐదో వంటకంగా ఆ పప్పు పలుచటి వేడి చారులో వచ్చింది, చిన్న పింగాణీ గిన్నెలో, మూతపెట్టి. మూత తీయగానే పచ్చి అనపకాయ సొన వాసన, దాని వెనకే సబ్బసిగె ఆకు, మన సోయికూర. కథ మొదలుపెట్టబోయిన కుర్రాడు అమ్మ మొహం చూసి ఆగిపోయాడు. అమ్మ కళ్లు మూసుకుంది. మేం ముగ్గురం మాట్లాడలేదు. గింజ నోట్లో పెడితే వెన్నలా విడిపోతోంది, ఉప్పు అక్కడికక్కడ సరిపోయింది. మా ఇంట్లో ఎప్పుడూ అందులో సబ్బసిగె వెయ్యం. అది ఆ షెఫ్ తెలివి, నిజమైన తెలివి. నాలుగు చెంచాల్లో అయిపోయింది.

నాకు నిరాశ కలిగింది అందుకే. చేతకానివాళ్లయితే లేచి వచ్చేసేవాణ్ని. ఇంత బాగా వండగలిగినవాళ్లు మిగతా తొమ్మిదింటిలో చూపు కోసం రుచిని ఎందుకు వదులుకున్నారు?

ఇలాంటి చోట్లకు కడుపు నింపుకోవడానికి పోకూడదు, అనుభవం కోసం పోవాలి అనే వాదన నేను విన్నాను. కొందరు మిత్రులు ఆ మాటే అన్నారు. నిజానికి ఆ రాత్రి మాకు ఆకలి మిగల్లేదు, పది చిన్నవి కలిస్తే కడుపు నిండుతుంది. అమ్మ మారు అడిగింది ఆకలితో కాదు. మనలో మారు అడగడమంటే వండినవాళ్లను మెచ్చుకోవడం. వద్దు వద్దంటున్నా ఇంకో గరిటె వెయ్యడం పెట్టేవాళ్ల ప్రేమ. టేస్టింగ్ మెనూ ఆ రెండింటినీ తీసేస్తుంది. ఎందుకంటే దాని లెక్క అలాంటిది: ఆ రాత్రికి ఎందరొస్తారో ముందే తెలుసు, ముందే డబ్బు కట్టారు, తలా ఒక ముద్ద చొప్పున తూచి పెట్టుకుంటారు. వృథా ఉండదు, మిగులు ఉండదు. వ్యాపారానికి అది బలమే. అదే లెక్క అమ్మకు 'లేదు' అని చెప్పించింది.

ఇదే నగరంలో రెసిడెన్సీ రోడ్డు నాగార్జునలో 1984 నుంచి ఆంధ్ర భోజనం అరిటాకులో పెడుతున్నారు. పప్పు పాత్రతో మనిషి వరుసల మధ్య తిరుగుతూనే ఉంటాడు, నువ్వు చెయ్యి అడ్డం పెట్టేదాకా వేస్తాడు. ఒకరు ఎక్కువ తింటే ఇంకొకరు తక్కువ తింటారు, లెక్క అక్కడా సరిపోతుంది. అలాంటి చోటుతో పోల్చి షెఫ్‌లను చిన్నబుచ్చాలని కాదు. దుబాయ్‌లోని ట్రెసిండ్ స్టూడియో అనే రెస్టారెంట్‌కు 2025లో మూడు మిషెలిన్ స్టార్లు, అంటే ఆ గైడు ఇచ్చే అత్యున్నత గుర్తింపు, వచ్చాయి, భారతీయ వంటకు ఆ గౌరవం అదే మొదలు. నాకూ గర్వంగానే ఉంది. మన తిండి ఆ బల్లల మీదికి వెళ్లాలి. వెళ్లేటప్పుడు తన పద్ధతిని కూడా వెంట తీసుకెళ్లాలి. పది వంటకాల్లో ఒక్కటి, కనీసం ఒక్కటి, గిన్నెతో బల్ల మీద పెట్టండి. కలుపుకునే పని మాకు వదలండి. చివర్లో పెరుగన్నం పెట్టండి, పక్కన ఊరమిరపకాయ. పాతిక మందికి రెండు కిలోల బియ్యం అదనంగా వండితే పోయేదేమీ లేదు.

వారం తర్వాత, ఒక పొద్దున కేఆర్ పురం సంతలో అమ్మ రెండు కిలోల అనపకాయలు కొంది, వాటితోపాటు ఒక కట్ట సబ్బసిగె. మధ్యాహ్నం దాకా పితుకుతూ కూర్చున్నాం. ఆకు కొంచెం ఎక్కువేసింది, ఉప్పు ఒక రవ్వ తగ్గింది.

"వాళ్లదే బాగుండె రా" అంది, రెండోసారి వడ్డించుకుంటూ.