మానేరు మీద కదిలే వంతెన

2024 ఏప్రిల్ 22 రాత్రి పెద్దపల్లి జిల్లా ఓడేడు దగ్గర, మానేరు మీద కడుతున్న వంతెన గర్డర్లు, అంటే స్తంభాల మీద ఆనించిన పొడవాటి దూలాలు, గాలికి పడిపోయాయన్న వార్త చదివి కొందరు నవ్వుకున్నారు, కొందరు తిట్టుకున్నారు. ఇద్దరూ తొందరపడ్డారని నా అభిప్రాయం. లండన్‌లో థేమ్స్ నది మీదున్న టవర్ బ్రిడ్జి ఓడలకు దారివ్వడానికి నడిమి భాగాన్ని పైకెత్తి కదులుతుందంటే ఫొటోలు దిగి మరీ మురిసిపోయే మనవాళ్లు, సొంత జిల్లాలో వంతెన కదిలితే దాన్ని కూలడమనడం ఏం న్యాయం?

టవర్ బ్రిడ్జి పని 1886లో మొదలై 1894లో ముగిసింది. ఓడేడు పని 2016లో మొదలైంది, 2024లో గాలి వచ్చింది. వంతెన లేవడానికి వాళ్లకు 8 ఏళ్లు పడితే, పడడానికి మనకూ అన్నే పట్టాయి.

అయితే అక్కడివారి చాదస్తం చూడండి. నడిమి భాగంలోని రెండు రెక్కల్లో ఒక్కొక్కటి వెయ్యి టన్నులకు పైమాటే. ఆ బరువును ఏతంలా తూచి, రెక్క వెనుక కొసకు ఇనుము, సీసం దిమ్మెలు బిగించి, రెక్క లేచినప్పుడు ఆ కొస కిందికి దిగడానికి స్తంభం కడుపులోనే గది కట్టారు. ఆవిరి యంత్రాలు నీటిని ఒత్తిడితో నిల్వచేసి ఉంచితే, ఓడ రాగానే ఆ ఒత్తిడి పళ్లచక్రాలను తిప్పేది. 1976లో ఆవిరి పోయి నూనె, కరెంటు వచ్చాయి. మనవాళ్లకు ఈ ఖర్చేదీ లేదు. పని సగంలో వదిలేసి, మిగతాది ఈదురుగాలికి అప్పగించారు.

లోటల్లా నిర్వహణలోనే. టవర్ బ్రిడ్జిని ఎత్తించాలంటే ఓడవాడు 24 గంటల ముందే నోటీసివ్వాలి; మన గాలి ఇవ్వలేదు. కనుక ఏటి ఒడ్డున ఒక గాలి పర్యవేక్షణాధికారిని, ఔట్‌సోర్సింగ్ పద్ధతిలోనైనా సరే, నియమించాలి. దుమారం కనబడగానే ఆయన ఫైలు పెట్టాలి. అవతలి ఒడ్డు గర్మిళ్లపల్లి భూపాలపల్లి జిల్లా కాబట్టి, గాలి ఏ జిల్లాలో పుట్టిందో తేల్చమని పైఅధికారి దాన్ని తిప్పి పంపాలి. ప్రారంభోత్సవం నాడు మంత్రిగారు రిబ్బను కత్తిరించేసరికి ఆకు కూడా కదలకపోతే ప్రొటోకాల్ ఉల్లంఘన కింద గాలికి షోకాజ్ ఇచ్చి, ఈలోగా పెళ్లిళ్ల టెంటువాళ్ల నుంచి పెద్ద కూలర్లు నాలుగు తెప్పించి గర్డర్ల వైపు తిప్పాలి. 1997లో అమెరికా అధ్యక్షుడు క్లింటన్ కార్లు దాటుతుండగా ఒక పడవ కోసం టవర్ బ్రిడ్జి లేచి వాహనశ్రేణిని రెండు ముక్కలు చేసింది. మన దగ్గర అలాంటి అపచారం జరగదు. పెద్దల కార్లు ఆ దారిన రావు.

ఆ దారిన వచ్చేవి వేరే. 1952లో టవర్ బ్రిడ్జి మీద 78 నంబరు బస్సు ఉండగానే రెక్క లేవడం మొదలైతే, డ్రైవర్ ఆల్బర్ట్ గంటర్ వేగం పెంచి బస్సును అవతలి రెక్క మీదికి దూకించాడు. 10 పౌండ్ల బహుమతి ఇచ్చారు. ఓడేడులో గర్డర్లు పడడానికి కాసేపటి ముందే ఒక పెళ్లి బస్సు వాటి కిందనున్న మట్టిదారిన వెళ్లిందని ఊరివాళ్లు చెప్పారు. ఆ రాత్రి శవాలు లేవకపోవడంలో ఏ శాఖ ప్రమేయమూ లేదు.

పైన స్లాబు పోసేదాకా ఒంటరి గర్డరు పక్కకు ఒరుగుతుందని, దాన్ని కట్టి నిలపాలని సైటులో కడ్డీలు వంచే కూలీకి కూడా తెలుసు. మానేరు పారితే ఆ మట్టిదారీ ఉండదు. నొప్పులు పడుతున్న ఆడమనిషిని చుట్టూ తిప్పి తీసుకుపోవాల్సిందే. ఈ ఊళ్లు అడిగింది లేచే వంతెననా, దూకే బస్సునా? నిలబడి ఉండే ఒక్క రోడ్డును! దాన్ని ఇన్నేళ్లు సాగదీసి, చివరకు తప్పు గాలి మీద వేయడానికి నోరెలా వచ్చింది? ఆ గర్డర్లను కట్టకుండా వదిలేసిన వాళ్ల పేర్లు ఫైల్లోనే ఉంటాయి. ముందు అవి బయటపెట్టండి, గాలి పేరు ఆఖరున రాసుకుందాం.