ఫొటో వెనకవైపు ఏముంది?

ఇద్దరు అమ్మాయిలు స్టూడియోలో ఫొటో దిగారు. ఒకరు కుర్చీలో కూర్చుంటే, ఇంకొకరు ఆమె భుజం మీద చెయ్యివేసి నిలబడ్డారు. తలలు శ్రద్ధగా దువ్వుకున్నారు, కాస్త నవ్వుతున్నారు కూడా. తూర్పు నుంచి తెచ్చిన కార్మికులకు గుర్తుగా జర్మన్లు తగిలించిన, గౌను మీద కుడివైపున ‘ఓస్ట్’ (తూర్పు) అనే నీలం-తెలుపు గుడ్డ పట్టీ ఉండాల్సిన చోట మాత్రం బ్లేడుతో గీకిన తెల్లటి మచ్చ ఉంది. రెండో ప్రపంచయుద్ధంలో జర్మనీకి తరలించిన ఉక్రెయిన్ కార్మికులు ఇంటికి పంపిన ఫొటోల్లో ఇలాంటివి కనిపిస్తాయి. ఆ నవ్వు చూసి వాళ్లేమంత కష్టపడలేదనుకోవడం ఎంత తప్పో, అది వట్టి నటన అని కొట్టిపారేయడమూ అంతే తప్పు.

1942 జనవరిలో జర్మన్ల ఆక్రమణలో ఉన్న ఖార్కివ్, కీవ్‌ల నుంచి తొలి రైళ్లు కదిలాయి. మొదట మంచి జీతమని ఆశచూపారు. అది చాలక ఊరికింత మంది అని లెక్కగట్టి, బజార్లలో దొరికినవాళ్లను దొరికినట్టు పట్టుకెళ్లారు. అలా వెళ్లిన ఉక్రెయిన్‌వాసులు 20 లక్షలకు పైనే, అందులో సగానికి మించి స్త్రీలు, ఎంతోమంది ఇరవై ఏళ్లైనా నిండనివాళ్లు. అధికారులు తీసిన ఫొటోలో ఆ మనిషి ఛాతీ దగ్గర నంబరు పలక పట్టుకుని ఉంటుంది. స్టూడియో ఫొటోలో ఎలా నిలబడాలో, పక్కన ఎవరుండాలో ఆమే నిర్ణయించుకుంది. అమ్మ కంటపడాల్సిన ముఖం ఏదో తేల్చుకోవడం ఒక్కటే ఆమె చేతిలో మిగిలిన స్వేచ్ఛ.

ఉత్తరాలనూ ఇదే ఓపికతో చదవాలి. సెన్సారు దాటాల్సిన ఆ పోస్టుకార్డులు మన పాత ఉత్తరాల ‘ఉభయకుశలోపరి’ లాగే మొదలవుతాయి: బతికే ఉన్నాను, ఆరోగ్యంగా ఉన్నాను, మీరూ అలాగే ఉండాలి. ఆ తర్వాత బంధువుల పేర్లు వరుసగా, ఒక్కొక్కరికీ నమస్కారాలు. మధ్యలో ఎక్కడో, 1933లో బతికినట్టే ఇక్కడా బతుకుతున్నామన్న తరహా మాట ఒకటి దొర్లుతుంది. ఆ ఏడాది కరువులో తోబుట్టువులను పోగొట్టుకున్న ఇంటికి, అది ఆకలి కబురని ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. కథనంలా సాగే ఉత్తరాల కోసం వెతికే పరిశోధకులు ఈ పలకరింపుల జాబితాను దాటేస్తుంటారు. నా దృష్టిలో ఆ జాబితాయే అసలు సంపద, ఎందుకంటే ఒక పల్లెలో ఎవరికి ఎవరేమవుతారో చెప్పే పటం అందులో ఉంది.

యుద్ధం ముగిసి ఇల్లు చేరినవాళ్లను సోవియట్ యంత్రాంగం విచారణ శిబిరాల్లో నిలదీసింది, శత్రువుకు పనిచేశారన్న అనుమానంతో ఏళ్ల తరబడి చూసింది. పట్టీని గీకేసిన బ్లేడు ఆ భయానిదీ కావచ్చు, తొలినాటి సిగ్గుదీ కావచ్చు. ఫొటో ఒక్కటే చూసి తేల్చలేం. 2000లో జర్మనీ ఏర్పాటు చేసిన సంస్థ పరిహారం చెల్లించడం మొదలుపెట్టాక, రుజువుల కోసం పెట్టెల అడుగున ఉన్నవి బయటికొచ్చాయి. జర్మనీలోని బాడ్ ఆరోల్సెన్‌లోని ఆర్కైవ్స్‌లో కార్మికుల గురించి జర్మన్లు రాసిన జాబితాలు, ఉక్రెయిన్ ప్రాంతీయ ఆర్కైవ్‌లలో విచారణ ఫైళ్లు ఉన్నాయి. అయితే ఇవేవీ శాశ్వతం కావు: 2022లో ఉక్రెయిన్ నగరం ఖేర్సన్ నుంచి వెనుదిరిగే ముందు రష్యా సేనలు అక్కడి ప్రభుత్వ ఆర్కైవ్‌లోని పత్రాలను పెద్దయెత్తున తరలించుకుపోయాయి.

అందుకే ఇళ్లలో మిగిలినవాటి విలువ ఇప్పుడు మరింత పెరిగింది. కుటుంబాలు ఫొటో ముందువైపు మాత్రమే స్కాన్ చేసి ఊరుకోకూడదు. చాలా ఫొటోల వెనక పెన్సిలుతో ‘చిరకాల జ్ఞాపకంగా’ అని రాసి, కింద ఒక ఊరు, ఒక తేదీ, పక్కన నిలబడిన స్నేహితురాలి పేరు ఉంటాయి. ఎక్కడో ఇంకో ఇంట్లో ఆ స్నేహితురాలి కోసం వెతుకుతున్నవాళ్లకు కావలసింది ఆ ఒక్క పెన్సిలు గీతే.