దురదగొండి విమానం

ఇంట్లో విమానం కడుతున్నానని చెబితే మనవాళ్ళెవరూ "ఎగురుతుందా?" అని అడగరు. "మరి కార్లెక్కడ పెట్టుకుంటున్నారు?" అని అడుగుతారు. డాలస్ పక్కన ఫ్రిస్కోలో మాది రెండు కార్ల గరాజ్. మూడేళ్ళుగా రెండు కార్లూ ఎండలో ఎండుతున్నాయి. లోపల నీడపట్టున రెండు రెక్కలు, ఒక తోక, అంతూ పొంతూ లేనన్ని రివెట్లు.

ఇదేదో నాకొక్కడికే పుట్టిన పైత్యం కాదని మనవి. అమెరికాలో ఈ పిచ్చికి పెద్ద సంఘమే ఉంది. 1953లో పాల్ పోబరెజ్నీ అనే ఆయన విస్కాన్సిన్‌లో మొదలుపెట్టాడు. ఏటా జూలైలో ఆ రాష్ట్రంలోనే ఆష్‌కాష్ అనే ఊళ్ళో ఈ సంఘం తిరనాళ్ళు జరుగుతాయి, సొంతంగా చేసుకున్న విమానాల్లో జనం దిగుతారు. సర్కారు పెట్టే ముఖ్యమైన షరతు ఇది: విమానంలో సగానికి పైగా పని, అంటే అందరూ చెప్పుకునే లెక్కలో 51 శాతం, డబ్బు కోసం కాకుండా నేర్చుకోవడానికో సరదాకో మనుషులు తమ చేతులతో చేసుండాలి. ఈ 51 శాతంలో మా అమ్మ వాటా ఎంత అన్నదే ఇప్పుడు చెప్పబోయేది.

అమ్మ తెనాలి నుంచి ఆర్నెల్లుండి వెళదామని వచ్చింది. వచ్చిన రోజే గరాజ్ చూసి, "వంటింట్లో కంటే ఇక్కడే సామానెక్కువుందేంట్రా" అంది. తర్వాత అసలు సంగతి అడిగింది.

"ఎంతమంది ఎక్కొచ్చు?"

"ఇద్దరం అమ్మా."

"ఒకడివి నువ్వు. రెండోది?"

మా ఆవిడ నా వంక చూసింది. అమ్మా నా వంకే చూసింది. నేను రివెట్ల డబ్బా వంక చూశాను.

ఇక రెక్క కొనల విషయానికొస్తాను. రెక్కంతా అల్యూమినియం రేకే. కానీ చివర గుండ్రంగా, అన్ని వైపులకీ వంపు తిరిగే ముక్క రేకుతో చేయాలంటే నాలాంటివాడి వల్ల కాదు. అందుకని గాజునూలు బట్టకి రెసిన్ పట్టించి, అచ్చులో పరిచి చేసిన ఫైబర్‌గ్లాస్ కొన కిట్‌తోపాటే, అంటే విమానం విడిభాగాలతోపాటే, వస్తుంది. ఎడమ కొనలో ఎర్ర దీపం, కుడి కొనలో పచ్చ దీపం పెట్టాలి. పైగా రేకులోంచి రేడియో తరంగాలు రావు గానీ ఫైబర్‌గ్లాస్‌లోంచి శుభ్రంగా వస్తాయి కాబట్టి యాంటెనా ఒకటి అందులో దాచుకోవచ్చు. చూడ్డానికి పెద్ద పడవ బొమ్మని నిలువునా కోసి సగం పెట్టినట్టుంటుంది.

కిట్‌తో వచ్చిన పుస్తకంలో ఈ పనికి రాసింది అర పేజీ. కొన అంచుని రెక్క రేకు కిందకి దూర్చు, రేకులో ఉన్న బెజ్జాల్లోంచి కొనకి బెజ్జాలు వెయ్యి, లోపల నట్ ప్లేట్లు, అంటే మరలు బిగిసే నట్టున్న రేకు ముక్కలు, రివెట్ చెయ్యి, మరలు బిగించు. అంతే. పెళ్ళంటే మూడు ముళ్ళే కదా అన్నట్టు.

నిజానికి అచ్చులోంచి వచ్చిన కొన ఏదీ రెక్కకి సరిగ్గా అతకదు. ముందువైపు పట్టిస్తే వెనక్కి లేస్తుంది, వెనక నొక్కితే మధ్యలో ఉబ్బుతుంది. చంటిపిల్లాడికి బిగుతు చొక్కా తొడిగినట్టే. అన్నిటికంటే తలనొప్పి వెనక అంచు. రెక్క వెనకాల కదిలే రెక్క, ఏలరాన్ అంటారు, దాని అంచూ, కొన అంచూ ఒకే గీతలో ఉండాలి. కొన కిందకి దిగినా పైకి లేచినా విమానం ఒక పక్కకి ఒరుగుతూనే ఉంటుంది. ఎవరి కొనా మొదట గీతలోకి రాదు. అప్పుడు కొన వెనక అంచుని రంపంతో చీల్చి, రెండు పెదవులూ విడదీసి, ఏలరాన్‌కి సరిపడేలా జరిపి, మధ్యలో ఎపాక్సీ, అంటే రాయిలా గట్టిపడే జిగురు, ముద్ద చేసి కూరి, బద్దల మధ్య బిగించి రాత్రంతా ఆరనివ్వాలి.

దీనికంతటికీ ముందు ఏలరాన్ తటస్థంగా, అంటే అటూ ఇటూ కాకుండా నడిమధ్యన ఉండాలి. నేను పొడుగాటి అల్యూమినియం బద్దతో కొలిచి, చెక్క ముక్క ఆనించి, నాలుగు పెద్ద స్ప్రింగ్ క్లాంపులతో దాన్ని కదలకుండా బిగించాను. శనివారమంతా దానికే సరిపోయింది. చీల్చడం ఆదివారం అయింది. అతికించడం సోమవారం సాయంత్రం ఆఫీసయ్యాక అనుకున్నాను.

సోమవారం ఎండ నలభై డిగ్రీలు. టెక్సస్ ఎండ చూసిన మొదటిరోజు నుంచీ అమ్మకి చేతులు ఊరుకోవడంలేదు. "ఇంత ఎండ ఊరికే పోతోంది" అని పొద్దున్నే సగ్గుబియ్యం జావ కాచింది. గరాజ్ ముందు బల్ల వేసి, దానిమీద నా రెక్కలకి కప్పిన ప్లాస్టిక్ పట్టా పరిచి, వరసలు వరసలుగా వడియాలు పెట్టింది. ఎండతోపాటు ఇక్కడ గాలీ ఉంటుంది కదా. పట్టా లేచిపోతోంది. చుట్టూ చూసింది. నాలుగు క్లిప్పులు కనిపించాయి.

ఇక్కడ మా అమ్మ గొప్పతనం చెప్పుకోవాలి. ఊరికే తీసుకెళ్ళలేదు. "వాడేదో కదలకుండా పెట్టుకున్నాడు" అని గ్రహించి, పాత నేత చీర అంచు చింపి, ఆ పీలికతో ఏలరాన్‌ని రెక్కకి గట్టిగా కట్టి మరీ తీసుకెళ్ళింది. ముడి ఎలాంటిదంటే, గేదె తెంచుకోలేదు.

నేను ఆరున్నరకి వచ్చాను. పీలిక చూశాను. విషయం విన్నాను. ఏలరాన్‌ని పట్టుకు ఊపి చూశాను. రవ్వంత కూడా కదల్లేదు. "నీ క్లిప్పులకంటే గట్టిగా ఉంది చూసుకో" అంది అమ్మ. నిజంగానే ఉంది. గట్టిగా ఉందా అని చూశానే గానీ, ఎక్కడ ఉంది అని చూడలేదు. ఈ తప్పు నాదే, పంపకాలు లేవు.

ఆ తొందరకి ఎపాక్సీ కూడా ఒక కారణం. రెసిన్, హార్డెనర్ తూకం వేసి కలిపితే ఇరవై నిమిషాల్లో వాడెయ్యాలి. అదీ మామూలు వేడిలో. నలభై డిగ్రీల గరాజ్‌లో అది మన కోసం ఆగదు. మా ఆవిడ వంటింటి త్రాసు దొంగిలించి, పెద్ద పెరుగు డబ్బాలో కలిపాను. లోతైన డబ్బాలో కలపకూడదు, వెడల్పు పళ్ళెంలో కలపాలి, లేకపోతే దానిలోంచి పుట్టే వేడి బయటికి పోలేక దాన్నే వండేస్తుంది. ఇది నాకు తెలుసు. తెలిసినా పెరుగు డబ్బా చేతికందింది. నాలుగు నిమిషాలకి డబ్బా కాలింది, అయిదో నిమిషంలో పొగ, ఆరో నిమిషంలో అడుగు జారిపోయింది. "పొయ్యి లేకుండానే ఉడికిందే!" అని అమ్మ మురిసిపోయింది. "గ్యాసెంత కలిసొస్తుందో!"

రెండోసారి పళ్ళెంలోనే కలిపాను. అందులో మైక్రోబెలూన్లు పొయ్యాలి. అంటే కంటికి ఆనని బోలు గాజు పూసలు, చూడ్డానికి అచ్చం బియ్యప్పిండి. కలుపుతుంటే అమ్మ వెనకనుంచి చూస్తోంది.

"జారుగా ఉంది."

"సరిపోతుందమ్మా."

"దోసెలకైతే సరిపోతుంది. నువ్వు నిలబెట్టిన దానికి పెడుతున్నావు, కారిపోతుంది. గారెల పిండిలా ఉండాలి."

కారిపోయింది. ఇంకో రెండు గరిటెలు పూసలు వేశాను. గరిటె తిరగేస్తే పడకుండా ఉన్నాక అమ్మ తలూపింది. చాలామంది అనుభవజ్ఞులు సినిమాలు తీసి మరీ నేర్పేదీ ఇదే పాకం. ఎపాక్సీ ముఖం ఎరగని మనిషి ఒక్క చూపుతో చెప్పేసింది.

మొత్తానికి కొన అంచుని ఏలరాన్ అంచుతో కలిపి, బద్దల మధ్య బిగించి, టార్చిలైటు వేసి చూసుకున్నాను. వెంట్రుకవాసి తేడా లేదు. ఫోటో తీసి బిల్డర్ లాగ్‌లో, అంటే చేసిన పనంతా రాసుకునే చిట్టాలో, పెట్టాను. ఆ రాత్రి వేడి వేడి అన్నంలోకి వేయించిన వడియాలు నంజుకుని, వాటిని మెచ్చుకున్నాను కూడా.

మంగళవారం పొద్దున పీలిక విప్పాను. ఏలరాన్‌ని బద్ద పెట్టి నడిమధ్యకి తెచ్చాను. కొన అంచు దానికి వేలెడు కిందకి వేలాడుతోంది. రాయిలా గట్టిపడి, అందంగా నున్నగా వేలాడుతోంది. మా అమ్మ కట్టిన చోట ఏలరాన్ వేలెడు కిందకి ఉందని, నేను దానికే అంత భక్తిగా సరిచేశానని అప్పటికి తలకెక్కింది.

"దిష్టి తగిలింది," అంది అమ్మ. "ఇంత పెద్ద పని మొదలెట్టి ఒక్క వ్రతమైనా చేసుకోలేదు మీరు." వచ్చే ఆదివారం సత్యనారాయణ వ్రతమని అక్కడికక్కడే ఖాయమైంది.

శనివారం మళ్ళీ రంపం పట్టాను. గట్టిపడ్డ ఎపాక్సీని కోసి, గీకి, సానపెట్టి మళ్ళీ పెదవులు విడదీయాలి. ఫైబర్‌గ్లాస్ సానపెడితే వచ్చే దుమ్ము సంగతి తెలియాలంటే చిన్నప్పుడు కంచె మీది దురదగొండి కాయ ముట్టుకునుండాలి. ఆ నూగు ఎంతో ఈ నూగూ అంతే. కాకపోతే దురదగొండి కంచె మీదుంటుంది, ఇది మన గరాజ్‌లోనే గాల్లోకి లేస్తుంది. మాస్కు పెట్టుకున్నాను, కళ్ళజోడు పెట్టుకున్నాను, చేతులకి పౌడర్ దట్టించాను. పైన పాత ఫుల్ చేతుల చొక్కా, కింద లుంగీ. లుంగీ ఎందుకని అడక్కండి, మోకాళ్ళ మీద కూర్చునే పని. అయ్యాక చన్నీళ్ళ స్నానం చేశాను. వేణ్ణీళ్ళు పోసుకుంటే చర్మపు రంధ్రాలు తెరుచుకుని గాజు లోపలికి దిగుతుందని పెద్దలు చెబుతారు. ఆ చొక్కా, లుంగీ, తువ్వాలు ఒక సంచిలో మూటగట్టి గరాజ్ మూల పారేశాను. ఆ రాత్రే విడిగా ఉతుకుదామనుకున్నాను. అనుకున్నాను.

ఆదివారం తెల్లారగట్ల అమ్మ లేచింది. మూల సంచి కనిపించింది. "పిచ్చి నాగన్న, మాసిన గుడ్డలు ఉతుక్కునే తీరికైనా లేదు వీడికి" అని జాలిపడి, వ్రతానికి పరిచే దుప్పట్లు, చేతి తువ్వాళ్ళు, నా పంచె, ఉత్తరీయం, వాటితోపాటు నా గాజు లుంగీ, అన్నీ కలిపి మెషీన్‌లో తిప్పేసింది.

పది గంటలకి ఇరవైమంది వచ్చారు. దుప్పట్ల మీద సర్దుకు కూర్చున్నారు. పంతులుగారు పీటమీద మడిచిన తువ్వాలు వేసుకుని కూర్చున్నారు.

మొదటి కథలో ఎవరికీ ఏమీ కాలేదు. నాకు మాత్రం ఉత్తరీయం మెడ దగ్గర కొంచెం గరుగ్గా తగిలింది. రెండో కథలో కట్టెలమ్ముకునేవాడు వచ్చేసరికి పంతులుగారు ఎడమ చేత్తో పుస్తకం పట్టుకుని కుడి చేత్తో మోకాలు రుద్దుకోవడం మొదలుపెట్టారు. మూడో కథకి పట్టుచీరల్లోంచి గాజుల చప్పుడు లయబద్ధంగా వినిపిస్తోంది. షావుకారి పడవలో సరుకంతా ఆకులూ అలములూ అయ్యే ఘట్టానికి గది గదంతా గోక్కుంటోంది. పిల్లలు మొహమాటం లేకుండా "మమ్మీ, ఇచ్చీ" అని ఏడుస్తున్నారు. ప్రసాదం తిరస్కరించినవాళ్ళకి ఏమవుతుందో పంతులుగారు చదువుతుంటే, డైటింగ్ అని ఉదయమే ప్రసాదం వద్దన్న ఒకావిడ ముఖం పాలిపోయింది.

అప్పుడు వెనకనుంచి ఎవరో గొంతు తగ్గించి అన్నారు: "బెడ్ బగ్సేమో."

ఫ్రిస్కోలో ఒక ఇల్లాలికి ఇంతకంటే పెద్ద నింద ఉండదు. మా ఆవిడ నా వంక చూసిన చూపుకి నేను లేచి నిలబడ్డాను.

"బగ్స్ కావండీ! అది గాజు!"

గది నిశ్శబ్దమైంది.

"గాజా?" అన్నారు పంతులుగారు, చేతిలో ఉన్న ప్రసాదం వంక చూస్తూ. "దీన్లోనా?"

ఎలాగో సర్దిచెప్పాను. దిగిన నూగుని గోకితే ఇంకా లోపలికి పోతుంది, ప్యాకింగ్ టేపు అతికించి పీకితే వస్తుంది. గరాజ్‌లోంచి నాలుగు చుట్టలు తెచ్చి పంచాను. అయిదో కథ పంతులుగారు నడుముకి టేపు వేసుకునే పూర్తి చేశారు. మధ్యమధ్య పీకినప్పుడల్లా శ్లోకం ఒక శ్రుతి పైకి పోయేది. తాంబూలంలో రవికెల గుడ్డతోపాటు తలా ఒక టేపు ముక్క ఇచ్చి పంపాం. దక్షిణ రెట్టింపు ఇవ్వాల్సొచ్చింది. వాషింగ్ మెషీన్‌ని ఉత్తి నీళ్ళతో మూడుసార్లు తిప్పాను. అయినా మా ఆవిడ ఇప్పటికీ తన బట్టలు పక్కింటావిడ మెషీన్‌లోనే వేస్తోంది.

ఆ కొన చివరికి అతుక్కుంది. గీతలో ఉంది, బద్ద పెట్టి ఒకటికి పదిసార్లు చూశాను. నట్ ప్లేట్లు పడ్డాయి, మరలు బిగిశాయి. రెండో రెక్క కొన మిగిలింది. ఈసారి క్లాంపులకి ఎర్ర టేపు చుట్టాను. "అమ్మా, ప్రాణం పోయినా వీటిని ముట్టుకోవద్దు" అని చేతిలో చెయ్యేయించుకున్నాను.

నిన్న సాయంత్రం ఎపాక్సీ కలిపి, తుదిసారి కొలుద్దామని చూస్తే అల్యూమినియం బద్ద లేదు. పరిగెత్తుకుంటూ బయటికొచ్చాను. రెండు కుర్చీల మధ్య బద్ద పడుకోబెట్టి ఉంది, దాని పొడుగునా మజ్జిగ మిరపకాయల దండ వేలాడుతోంది.

"క్లిప్పుల జోలికి పోలేదురా, నీమీదొట్టు," అంది అమ్మ.