కాళీజాయికి వెళ్ళలేకపోయినవాళ్ళ తరఫున

కార్తీక వనభోజనాల ఫోటోలు మన బరంపురం తెలుగువాళ్ళ గ్రూపులో అందరూ చూశారు. చెట్టుకి కట్టిన ఉసిరికొమ్మ కింద బంతి భోజనాలు, పడవలో చేతులూపుతున్న పిల్లలు, చిలికా సరస్సు మధ్య దీవిలో ఉన్న కాళీజాయి అమ్మవారి గుడి ముందు మన పట్టుచీరలు. ఆ ఫోటోల్లో లేనివాళ్ళ గురించి రాస్తున్నాను. రేవు దగ్గర ప్లాస్టిక్ కుర్చీల్లో మూడు గంటలు కూర్చున్న పదకొండు మంది గురించి. వాళ్ళలో మా పిన్ని ఒకరు.

పిన్నికి 78 ఏళ్ళు. బరంపురంలో పుట్టి, బరంపురంలోనే కాపురం చేసింది. పెళ్ళయిన ఏడాది బాబాయితో కలిసి తెరచాప పడవలో కాళీజాయికి వెళ్ళిందట, ఆ కథ మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. మోకాళ్ళ ఆపరేషన్ అయ్యాక ఎక్కడికి రమ్మన్నా రాననేది, ఈసారి మాత్రం తనే అడిగింది. "ఒక్కసారి అమ్మవారికి గాజులు పెట్టి వస్తానురా" అంది. వారం ముందే గాజులు, పసుపు, కుంకుమ, రవికె గుడ్డ సంచిలో సర్దుకుంది. ఆ రోజు నాలుగింటికే లేచి పులిహోర కలిపింది. తీరా రేవులో దిగి చూస్తే పడవకీ మెట్టుకీ మధ్య రెండడుగుల ఎడం, దాని మీద అడ్డంగా ఒక చెక్క, పట్టుకోవడానికి ఏమీ లేదు. ఇద్దరు కుర్రాళ్ళు చేతులందించారు. ఆవిడ ఒక కాలు చెక్క మీద పెట్టి, పడవ ఊగగానే వెనక్కి తీసేసుకుంది. సంచి నా చేతిలో పెట్టి "నువ్వే ఇచ్చెయ్యి నాయనా" అంది. నేను వెళ్ళి ఇచ్చాను, ప్రసాదం తెచ్చాను, కళ్ళకద్దుకుని తింది. తిరుగు ప్రయాణంలో బస్సులో ఒక్క మాట మాట్లాడలేదు.

ఇంతవరకు అయితే బాధపడి ఊరుకునేవాణ్ణి. తర్వాతి ఆదివారం మన సంఘం మీటింగులో, పెద్దవాళ్ళకి ఇబ్బందిగా ఉంది కాబట్టి వచ్చే ఏడు వనభోజనాలు ఊళ్ళోనే కల్యాణ మండపంలో పెట్టుకుందామని, కుండీలో ఉసిరి మొక్క తెచ్చి పెడదామని తీర్మానం చేశారు. అందరూ సరేనన్నారు. పెద్దవాళ్ళ పేరు చెప్పి పెద్దవాళ్ళ కోరికనే కొట్టేశామని ఒక్కరికీ తోచలేదు.

మన తప్పులు కూడా చెప్పుకోవాలి. ఏడింటికి కదలాల్సిన బస్సు తొమ్మిదింటికి కదిలింది. గోంగూర పచ్చడి జాడీ మర్చిపోయామని ఒకసారి, ఎవరో ఇంకా రాలేదని ఒకసారి ఆపాం. నాకు ఆ హడావుడి ఇష్టమే, అది లేకపోతే మన వనభోజనంలా ఉండదు. కానీ మొదటి పడవ రాగానే కాళ్ళు బాగున్నవాళ్ళమే ముందు ఎక్కేశాం. "పెద్దవాళ్ళు నెమ్మదిగా రెండో దాంట్లో వస్తారులే" అనుకున్నాం. తీరిగ్గా ఒక్కొక్కరినీ ఎక్కించే టైము ఆ రెండో పడవకి లేకుండా పోయింది.

అయినా మనం ఎంత పద్ధతిగా వెళ్ళినా ఆ చెక్క అక్కడే ఉంటుంది. చిలికా లోతు తక్కువ సరస్సు, వానాకాలంలో నీళ్ళు పెరుగుతాయి, వేసవికి తగ్గిపోతాయి, సిమెంటు మెట్టు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. దీనికి నీటితో పాటు లేచి దిగే తేలే రేవు కావాలి. కొచ్చిలో 2023 ఏప్రిల్‌లో మొదలైన వాటర్ మెట్రోకి అలాంటివే కట్టారు, పడవ నేలా రేవు నేలా ఒకే ఎత్తులో ఉంటాయి, చక్రాల కుర్చీ నేరుగా లోపలికి వెళ్ళిపోతుంది. అంతదూరం ఎందుకు, మన చిలికాలోనే సాతపడా నుంచి జన్హికుడాకి టైము ప్రకారం ఫెర్రీ నడుస్తోంది, మోటారు సైకిళ్ళూ కార్లూ దాని మీదే దాటుతున్నాయి. కారు ఎక్కగలిగిన సరస్సులో చేతికర్రతో నడిచే మనిషి ఎందుకు ఎక్కలేకపోవాలి?

రేవు దాకా వెళ్ళడం ఇంకో టెన్షన్. మనకి బస్సు ఉంది కాబట్టి సరిపోయింది. సొంత బండి లేని నేతపని కుటుంబం వెళ్ళాలంటే బరంపురంలో రైలెక్కి బాలుగాంలో దిగాలి, అక్కడ ఆటో మాట్లాడుకోవాలి, తిరుగు బేరం దొరకదని ఆటోవాడు రెండువైపుల డబ్బూ అడుగుతాడు. ఆ తర్వాత పడవ. మనిషికింత అని కాకుండా పడవ మొత్తం మాట్లాడుకోవాల్సి వస్తే నలుగురున్న ఇంటికి అది మోయలేని ఖర్చు. రైళ్ళ టైముకి స్టేషన్ నుంచి రేవుకి ఒక చిన్న బస్సు, ఆ బస్సు టైముకి మనిషికింత టికెట్టుతో ఒక ఫెర్రీ ఉంటే చాలు.

పడవలవాళ్ళ సంగతేమిటని అడిగారు ఒకరు. న్యాయమైన ప్రశ్న. చేపలు తగ్గిన రోజుల్లో ఆ ఇళ్ళు గడిచేది మనలాంటి సవారీల మీదే. అందుకే ఆ ఫెర్రీని వాళ్ళ సంఘం చేతికే ఇవ్వాలంటాను. ఇంకొకరు డాల్ఫిన్లు, పక్షులు అన్నారు. చిలికా 1981 నుంచి రాంసార్ జాబితాలో, అంటే ప్రపంచంలో కాపాడుకోవాల్సిన చిత్తడి నేలల జాబితాలో ఉంది, దాన్ని పాడుచేసే కోరిక నేను కోరను. మనం ఆ రోజు నాలుగు పడవల్లో చప్పుడు చేసుకుంటూ వెళ్ళాం, ఒక్క పెద్ద ఫెర్రీ ఉంటే ఆ నాలుగూ తిరగక్కర్లేదు. పూడుకుపోతున్న ఈ సరస్సుకి 2000లో సముద్రంలోకి కొత్త ముఖం తవ్వి బతికించారు, 2002లో దానికి రాంసార్ అవార్డు కూడా వచ్చింది. అంత పని చేసినవాళ్ళకి ఒక తేలే రేవు పెద్ద పనా?

కానీ అడగాలి కదా. మన గంజాం జిల్లా 1936 ఏప్రిల్ 1న మదరాసు నుంచి ఒడిశాలోకి వచ్చింది. ఇన్నేళ్ళయినా మనం ఏదైనా అడగాల్సి వస్తే "మనకెందుకు, మనం తెలుగువాళ్ళం" అని వెనక్కి జరుగుతాం. మన ఊరి అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్రలో అలా అనుకోం కదా! పెళ్ళికూతురు జాయి పడవ గాలివానకి మునిగిపోయి, ఆవిడే కాళీజాయి అమ్మవారైన కథ మా పిన్నికి చెప్పింది పక్కింటి ఒరియా మావుసి (పిన్ని వరస). కార్తీక పౌర్ణమి తెల్లవారుజామున వాళ్ళు బోయిత బందాణకి పడవలు వదులుతారు, మనం పోలిపాడ్యమికి అరటిదొప్పల్లో దీపాలు వదులుతాం, ఒకే చెరువులో. ఆ మావుసికీ మోకాళ్ళ నొప్పులే, ఆవిడా ఆ చెక్క దాటలేదు.

కమిటీకి చేతులెత్తి అడుగుతున్నాను, ఆ తీర్మానం వెనక్కి తీసుకోండి. రేవు ఖుర్దా జిల్లాలో ఉంది, మనం గంజాంలో ఉన్నాం, అందుకని ఇద్దరు కలెక్టర్లకీ, చిలికా అభివృద్ధి సంస్థకీ, టూరిజం శాఖకీ ఒకే అర్జీ వెళ్ళాలి. ఒరియాలో చిత్తు రాసి పెట్టాను, మావుసిగారి అబ్బాయి తప్పులు దిద్దాడు. వచ్చే ఆదివారం పొద్దున సంఘం ఆఫీసులో ఉంటాను. సంతకానికి వచ్చేటప్పుడు ఇంట్లో పెద్దవాళ్ళని కూడా తీసుకురండి. ఆ రోజు కుర్చీల్లో కూర్చుండిపోయిన పదకొండు మంది సంతకాలు అయ్యాకే మిగతా వాళ్ళవి.