టీకాల ప్రచారానికి సినిమా ముఖం కావాలా?

(చెన్నై కొళత్తూరులో తెలుగువాళ్లు పెట్టుకున్న చర్చ ఇది. పసిపిల్లల టీకాల ప్రచారానికి సినిమా తారల్ని పిలవాలా, వద్దా అన్నది విషయం. పిలవాలన్నవాడు మురళి, ప్రకటనలు రాయడం వృత్తి. వద్దన్నావిడ సుశీల, కార్పొరేషన్ ఆరోగ్య కేంద్రంలో టీకాలు వేసే నర్సు.)

మురళి: పోలియోతోనే మొదలుపెడతాను అక్కా. పల్స్ పోలియో 1995లో వచ్చింది. అమితాబ్ బచ్చన్ టీవీలో కనిపించి రెండు చుక్కలు వేయించమని బతిమాలాడు, తర్వాత కసిరాడు కూడా. వైల్డ్ పోలియో, అంటే సహజంగా సోకే పోలియో, ఆఖరి కేసు 2011 జనవరిలో హౌరా జిల్లాలో వచ్చింది. 2014 మార్చి 27న మనకు పోలియో లేదని సర్టిఫికెట్ ఇచ్చారు. ఇంకేం కావాలి?

సుశీల: బచ్చన్ ప్రకటనా నిజమే, పోలియో పోవడమూ నిజమే. మధ్యలో తిరిగినవాళ్లను వదిలేశావు. ఒక్కో జాతీయ విడతలో సుమారు 17 కోట్ల మంది పిల్లలు, చుక్కలు వేసేవాళ్లు 20 లక్షల పైమాటే. బిడ్డ ఎడమచేతి చిటికెన వేలికి మార్కరుతో గుర్తు, గోడ మీద సుద్దతో అక్షరం. 'పి' రాస్తే ఆ ఇల్లు అయినట్టు. 'ఎక్స్' రాస్తే బిడ్డ ఇంట్లో లేదనో, పెద్దవాళ్లు వద్దన్నారనో అర్థం. మళ్లీ ఆ ఎక్స్ గుమ్మం ఎక్కి మాట్లాడాల్సింది ఆ వీధిలో తెలిసిన మనిషే. బచ్చన్ రాడుగా.

మురళి: రాడు. కానీ ఆ మనిషి గుమ్మంలో నిలబడేసరికే ఆ ఇంట్లో విషయం తెలిసిపోయి ఉంది, అది ఆయన పని. 1956 అక్టోబర్ 28న న్యూయార్క్‌లో ఎల్విస్ ప్రెస్లీ కెమెరాల ముందు పోలియో టీకా వేయించుకున్నాడు. అప్పుడు అక్కడ వెనకబడింది టీనేజీ పిల్లలే. వాళ్ల హీరోనే తెచ్చి కూర్చోబెట్టారు.

సుశీల: ఆ ఫొటో అందరికీ గుర్తుంది. పోలియో మీద పోరాడిన మార్చ్ ఆఫ్ డైమ్స్ అనే సంస్థవాళ్లు టీనేజీ పిల్లలతోనే గుంపులు కట్టించి, తోటి పిల్లల్ని వాళ్లతోనే టీకాకు పిలిపించిన సంగతి ఎవరికీ గుర్తులేదు. సరే, అది అమెరికా. అసలు చిక్కు వేరే ఉంది మురళీ. పోలియో చుక్కలు నోట్లో వేస్తే బిడ్డ చప్పరించి ఊరుకుంటుంది. సూది లేదు, ఆ రాత్రి జ్వరం లేదు. ఒక నినాదంతో పని జరిగిందంటే అందుకే. అయిదు జబ్బులకు కలిపి వేసే పెంటావాలెంట్ టీకా అలాంటిది కాదు. 6, 10, 14 వారాలకు మూడు డోసులు, ఎడమ తొడకి. అందులో కోరింతదగ్గు భాగం ఆ క్రిమి మొత్తం కణాలతో చేసింది కాబట్టి జ్వరం వస్తుంది, తొడ వాస్తుంది, బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంది. మా రిజిస్టర్లో మేం చూసేది మొదటి డోసుకి ఎందరొచ్చారని కాదు, మూడో డోసుకి ఎందరు మిగిలారని. తార మొదటి డోసుకి తీసుకొస్తాడు. మొదటి రాత్రి జ్వరానికి భయపడి రెండో డోసుకి రాని తల్లికి ఆ తార ఏం చెప్తాడు?

(చర్చకు ఆయువుపట్టు ఇదే. మురళి కాసేపు నీళ్లు నమిలాడు.)

మురళి: మీరు ఏం చెప్తారో అది చెప్పండి ముందు.

సుశీల: నాలుగు మాటలు. ఇవాళ ఏ టీకా వేశాం, ఏ జబ్బుకి. జ్వరం, వాపు వస్తే ఏం చేయాలి. మళ్లీ ఎప్పుడు రావాలి. కార్డు జాగ్రత్త, వచ్చేటప్పుడు తేవాలి. టీకా వేశాక అరగంట కూర్చోబెడతాం, ఈ మాటలకు అదే సమయం. రెండో మాటలోనే తప్పులు జరుగుతాయి. పారాసెటమాల్ డ్రాప్స్‌లో సాధారణంగా ఒక ఎంఎల్‌కి 100 మిల్లీగ్రాములు, సిరప్‌లో 5 ఎంఎల్‌కి 125. అంటే డ్రాప్స్ నాలుగింతలు చిక్కన. అయిదు కిలోల బిడ్డకి 75 మిల్లీగ్రాములు రాశారనుకో, డ్రాప్స్ అయితే ముప్పావు ఎంఎల్, సిరప్ అయితే 3 ఎంఎల్. సిరప్ కొలతతో డ్రాప్స్ పోస్తే 300 మిల్లీగ్రాములు లోపలికి పోతాయి. సీసా తెచ్చి చూపించమంటాం అందుకే. ఇది పదిహేను సెకన్ల ప్రకటనలో పడుతుందా?

మురళి: పడదు. మీ ఆరోగ్య కేంద్రంలో మాత్రం పడుతోందా? బుధవారం వరస చూడండి. బిడ్డను పట్టుకో, తొడ చూపించు, సూది, తర్వాత ఎవరు? ఈ నాలుగు మాటల్లో రెండే చెవిన పడతాయి, అవీ తమిళంలో. ఇక్కడి ఓఎంఆర్ రోడ్డు మీద కట్టే భవనాల దగ్గర శ్రీకాకుళం నుంచి, విజయనగరం నుంచి వచ్చినవాళ్లు రేకుల షెడ్లలో ఉంటారు. తెలుగు హీరో ఫోన్లో కనబడి తెలుగులో చెప్తే వింటారు.

సుశీల: ఆ మాట ఒప్పుకుంటాను. వాళ్ల చిక్కు మళ్లీ వేరు. కార్డు ఊళ్లో అత్తగారి పెట్టెలో ఉంటుంది, రెండు డోసులు దాటిపోయాయి, మళ్లీ మొదటినుంచి వేయాలేమోనని వెనక్కి తగ్గుతారు. అక్కర్లేదు. ఎంత ఆలస్యమైనా వేసింది వేసినట్టే, మిగిలినవి వేస్తే చాలు. తారలు చెప్పదగ్గ మాట అదొక్కటి. ఎవరూ చెప్పలేదు.

మురళి: చూశారా, చెప్పాల్సిందీ దొరికింది. ఇంకొకటి వినండి. మనం ఖాళీ ఉంచితే ఆ చోట వేరేవాళ్లు కూర్చుంటారు. 1998లో వేక్‌ఫీల్డ్ అనే బ్రిటిష్ డాక్టరు పన్నెండు మంది పిల్లల్ని చూపించి, తట్టు, గవదబిళ్లలు, రుబెల్లాలకు వేసే ఎంఎంఆర్ టీకాకీ ఆటిజానికీ ముడిపెడుతూ లాన్సెట్ అనే వైద్య పత్రికలో వ్యాసం రాశాడు. 2010లో లాన్సెట్ ఆ వ్యాసాన్ని వెనక్కి తీసుకుంది, అతని డాక్టరు రిజిస్ట్రేషనూ పోయింది. అయినా ఆ భయాన్ని అమెరికాలో టీవీ ఎక్కించింది జెన్నీ మెకార్తీ, ఒక నటి. 2017 ఫిబ్రవరిలో మన తమిళనాట మీజిల్స్-రుబెల్లా టీకా బళ్లలో వేస్తుంటే వాట్సాప్ పుకార్లకు భయపడి తల్లిదండ్రులు పిల్లల్ని బడికే పంపలేదు. గడువు పొడిగించాల్సి వచ్చింది. అప్పుడు వెండితెర ముఖం ఒకటి ఉంటే?

సుశీల: ఉంటే ఏమవుతుందో 2021లో చూశాం. తమిళ నటుడు వివేక్ ఏప్రిల్ 15న ఇక్కడే ప్రభుత్వాసుపత్రిలో, జనానికి ధైర్యం చెప్పడానికి కోవిడ్ టీకా వేయించుకున్నాడు. మర్నాడు గుండెపోటు, 17న పోయాడు. గుండె ముందువైపు రక్తనాళం పూర్తిగా మూసుకుపోయిందని డాక్టర్లు అప్పుడే చెప్పారు. టీకాకు సంబంధం లేదని జాతీయ కమిటీ తేల్చేసరికి నెలలు పట్టింది. ఆ మధ్యకాలంలో ఆ టీకా ఫొటో భయం పెంచే పని చేసేసింది. మంచి మనిషి, మంచి ఉద్దేశం. కానీ ఒక్క ముఖం మీద నమ్మకం అంతా కుదువపెడితే, ఆ మనిషికి జరిగిన ప్రతిదీ టీకా ఖాతాలో పడుతుంది.

మురళి: అందుకే ఒక్కర్ని పెట్టొద్దంటాను. పది మందిని పెట్టండి.

సుశీల: ఆ పది మందీ తమ పిల్లలకి ఏ టీకా వేయించారని జనం అడుగుతారు. వాళ్లు ప్రైవేటులో 'నొప్పి లేని టీకా' వేయిస్తారు. అది అసెల్యులార్ రకం, అంటే మొత్తం కణాలు కాక వాటిలోని కొన్ని భాగాలతోనే చేసింది. జ్వరం తక్కువే, కోరింతదగ్గు నుంచి రక్షణ మాత్రం త్వరగా తగ్గిపోతుంది. ప్రభుత్వం ఉచితంగా వేసే దాంతో జ్వరం ఎక్కువ, రక్షణ ఎక్కువ కాలం. ఇది విప్పి చెప్పకపోతే, పేదలకు నాసిరకం వేస్తున్నారనే మాట పుడుతుంది.

మురళి: సరే, ప్రకటన నేను రాస్తాను, మీరు దిద్దండి. 'ఈ రాత్రి జ్వరం రావచ్చు. మందు కొలత నర్సునడగండి. డోసు దాటినా రండి, కార్డు లేకపోయినా రండి.' ఆరోగ్యశాఖ వాళ్లు మొదటి వాక్యం కొట్టేస్తారు, అది వేరే సంగతి.

సుశీల: మొదటి వాక్యం ఉంటేనే తారను ఒప్పుకుంటాను. దాంతోపాటు బుధవారం మా కేంద్రంలో టీకా వేసేవాళ్లు కాక, ఆ అరగంట తల్లుల దగ్గర కూర్చుని మాట్లాడటానికి తెలుగు వచ్చిన మనిషి ఒకరుండాలి. తారకిచ్చే డబ్బులోంచి ఆ జీతం తీయండి.

మురళి: తారలు ఇలాంటివి ఊరికే చేస్తారక్కా.

సుశీల: షూటింగు ఖర్చులోంచి తీయండి.