మా కారులో అద్దె కట్టకుండా కాపురముంటున్న దొంగ కరెంటు గారికి

ఆయ్, బాగున్నారాండీ? మీకేం, కారు ఆపేసున్నా రాత్రంతా మా బ్యాటరీ తాగి పగలు నంగనాచిలా ఉంటారు. మేమే బాలేం. కనుమ రోజు కొత్తల్లుడుగారు పట్టుపంచె కట్టుకుని జగ్గన్నతోట ప్రభల తీర్థానికి బయల్దేరితే, మీ దయ వల్ల కాలవగట్టు మీద కారు తోసుకుంటా వెళ్ళారు, మేం కొసరి కొసరి పెట్టిన పూతరేకులన్నీ ఆ ఒక్క తోపుడుకే అరిగిపోయాయి.

ఒక్క విషయంలో మిమ్మల్ని మెచ్చుకోవాలండి. తాగేది మీరు, తిట్లు తినేది బ్యాటరీ. ఎవర్నడిగినా "బ్యాటరీ పోయిందండి, మార్చేయండి" తప్ప ఇంకో మాట లేదు. మార్చాం. కొత్తది 12.6 వోల్టులతో కళకళలాడతా వచ్చింది, నాలుగు రోజులు కారు కదపకపోయేసరికి 12 కిందకి దిగిపోయి కటకటకట అంది. షాపాయనేమో "మా బ్యాటరీకి ఏ రోగం లేదండి, మీ కారుకే ఏదో గాలి సోకింది" అన్నాడు. మా బాబాయిగారైతే "రోజూ రావులపాలెం దాకా తిప్పుకొస్తే అదే ఛార్జవుద్దిరా" అని తేల్చేసారు, అంటే మీకు మేత వెయ్యడానికి మేం పెట్రోలు కొట్టించుకోవాలన్నమాట.

ఇక లాభం లేదని కరెంటు కొలిచే మీటరు పట్టుకున్నా. నెగటివ్ కేబుల్ ఊడదీసి, దానికీ బ్యాటరీకీ మధ్యలో మీటరు పెట్టి, 10 ఆంపియర్ల మీద ఉంచి చూడాలి. అప్పుడు పొరపాటున సెల్ఫ్ కొట్టామా, మీటరు ఫ్యూజు గోవిందా. పైగా మీటరు పెట్టగానే పెద్దమనిషి గుమ్మంలోకొచ్చినట్టు కారు మొత్తం లేచి నిలబడుద్ది, అరగంటో ఇంకా ఎక్కువో ఆగితే గానీ లోపలి ఎలక్ట్రానిక్సన్నీ పడుకోవు. అందుకే రిమోట్ తాళం దూరంగా ఇంట్లో పడేసి, తలుపు తీసున్నా మూసేసినట్టు కారుని నమ్మించడానికి డోరు లాకుని స్క్రూడ్రైవరుతో నొక్కేసి కూర్చున్నా.

గడియారానికీ, రిమోట్ లాక్‌కీ మీరు తీసుకునే వాటా మాకు తెలుసండి, 50 మిల్లీఆంపియర్ల లోపు ఎంత తాగినా నోరెత్తం. మీరు 500 దాకా లాగుతున్నారు! ఆ లెక్కన 45 ఆంపియర్-అవర్ల బ్యాటరీ నాలుగు రోజులు కూడా రాదు, సెల్ఫ్ అయితే ఇంకా ముందే చేతులెత్తేస్తది.

ఫ్యూజు పీకి మళ్ళీ పెడితే పడుకున్నవి మళ్ళీ లేస్తాయి కాబట్టి, పీక్కుండానే ఒక్కోదాని నెత్తి మీదున్న రెండు లోహపు చుక్కల మధ్య మిల్లీవోల్టులు చూసుకుంటా పోయా, కరెంటు పారని దాని మీద సున్నా, పారేదాని మీద ఏదో కాస్త కనపడుద్ది. అలా మ్యూజిక్ సిస్టమ్ ఫ్యూజు దగ్గర దొరికిపోయారు. వెనక చూస్తే ఏముంది, ఎప్పుడూ కరెంటుండే పసుపు వైరూ, తాళం తిప్పితేనే రావాల్సిన ఎర్ర వైరూ రెండూ కలిపి మెలేసి టేపు చుట్టేసున్నాయి! తాళం పెట్టకుండా పాటలు రావాలని పాత ఓనరుగారు ముచ్చటపడుంటారు, ఫిట్ చేసినోడు ఆ ముచ్చట ఇలా తీర్చేసుంటాడు. బటన్ నొక్కితే స్క్రీన్ ఆరిపోద్ది, ఆగిపోయిందని మనం అనుకుంటాం, లోపల మీరు మెలకువగానే ఉంటారు.

ఎర్ర వైరుని విడదీసి తాళం వైపు కలిపేసా, ఇప్పుడు మీటరు 30 చూపిస్తంది. ఆ ముప్పై మీదే, తాగండి.

ఇంకో మాట. మా బావమరిది పార్కింగులో కూడా రికార్డు చేసే డాష్‌క్యామ్ తెచ్చి, బిగించాల్సిందే అని కూర్చున్నాడు. ఇంటావిడ తమ్ముడు, కాదనలేం. ఆ పెట్టెలో మీ చుట్టాలెవరన్నా దిగుతుంటే, బ్యాటరీ 12.2 వోల్టులకి దిగగానే దానంతటదే కట్టయ్యే సెట్టింగుందో లేదో ముందే కనుక్కుని కబురు పెట్టండి, లేదంటే గుమ్మం బయటే ఆపేస్తాం.

ఇట్లు,
కోనసీమ నుంచి మీ ఓనరు