పిల్లల పుస్తకాలకు పిల్లలే అడ్డు

పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేసే రంగంలో నాకు ఎనిమిది నెలల అనుభవం ఉంది. ఈ ఎనిమిది నెలల్లో ఒక్క పుస్తకమూ పూర్తి చేయలేదు కాబట్టి సలహాలు ఇవ్వడానికి కావలసినంత తీరిక కూడా ఉంది. అందుకని ఈ రంగం బాగుపడాలంటే తక్షణం చేయవలసిన పనిని ప్రజల ముందు పెడుతున్నాను. పిల్లల పుస్తకాల నుంచి పిల్లలను తప్పించాలి.

తొందరపడి తిట్టకండి. పుస్తకం రాసేది పెద్దవాళ్లు. అచ్చు వేసేది పెద్దవాళ్లు. పుస్తక ప్రదర్శనలో "అది వద్దు, జనరల్ నాలెడ్జి తీసుకో" అని చెయ్యి పట్టుకుని లాగేది పెద్దవాళ్లు. పుట్టినరోజుకి రిటర్న్ గిఫ్టుగా ఇచ్చేది ఒక ఇంటి పెద్దవాళ్లు, పుచ్చుకుని బీరువా మీద పెట్టేది ఇంకో ఇంటి పెద్దవాళ్లు. ఇంతవరకూ ఎక్కడా ఏ ఇబ్బందీ లేదు. ఎవరో ఒక గుంట స్టూలు వేసుకుని ఆ పుస్తకాన్ని కిందికి దింపినప్పుడే గొడవ మొదలవుతుంది.

నా సంగతి చెప్తాను. పగలు విశాఖ ఆటోనగర్‌లో ఒక కంపెనీకి లెక్కలు రాస్తాను. నలభై ఒకటో ఏట, జీఎస్టీ రిటర్ను ఆఖరి తేదీనాడు, సైటు తెరుచుకోక చక్రం తిరుగుతూ ఉంటే రఫ్ కాగితం మీద పిల్లి బొమ్మ వేశాను. పక్క సీటాయన తొంగి చూసి "బావుందండీ, పిల్లల పుస్తకంలో బొమ్మలా ఉంది" అన్నారు. పొగిడారో వెక్కిరించారో ఇప్పటికీ తేలలేదు. నేను మాత్రం ఆ సాయంత్రమే డాబాగార్డెన్స్ వెళ్లి 300 జీఎస్ఎం దళసరి కాగితం, ఆరు బ్రష్షులు, ఇరవై నాలుగు రంగుల పెట్టె, పెట్టే చోటు లేని ఒక ఈజిల్ స్టాండు కొనేశాను. బొమ్మలు నేర్చుకోవడం కన్నా బొమ్మల సామాన్లు కొనడం నేర్చుకోవడం తేలిక. ఆ కోర్సు నేను డిస్టింక్షన్‌లో పాసయ్యాను.

మా అమ్మ సంచీ దింపగానే అడిగింది. "ఏట్రా ఇది? గోడలకి సున్నం వేయించరా అంటే డబ్బుల్లేవన్నావు, ఈ రంగులకెక్కడివి?"

విశాఖలో నీటి రంగులు నేర్చుకోవడంలో ఒక సౌకర్యం ఉంది. నీళ్లు విడిగా కలపక్కర్లేదు, మే నెలలో గాల్లోనే ఉంటాయి. వీడియోలో మాస్టారు "మొదటి పూత ఆరాక రెండోది వేయండి" అంటారు. ఆయన ఏ దేశంలో ఉంటారో గానీ ఆయన పూత రెండు నిమిషాల్లో ఆరుతుంది. ఎంవీపీ కాలనీలో మధ్యాహ్నం వేసిన నా ఆకాశం దీపాలు పెట్టే వేళకి కూడా తడిగానే ఉంది. ఫ్యాను వేస్తే ఆకాశం జరిగి జరిగి చెట్టులోకి వెళ్లిపోయింది. మిగిలిన కాగితాల కట్ట మంచం కింద పెట్టాను. వానలయ్యాక తీస్తే అక్కడక్కడ బూజు. రంగు పెడితే అద్దుడు కాగితంలా లాగేసుకుంది. రంగు వెంటనే ఇంకిపోకుండా కాగితానికి ఒక జిగురు పట్టిస్తారట, తేమకి ముందు పాడయ్యేది అదేనట. ఇప్పుడు మా ఇంట్లో ఎవరు కొత్త చెప్పులు కొన్నా, పెట్టెలో వచ్చే సిలికా జెల్ పొట్లం నాకు ఇచ్చేయాలని రూలు పెట్టాను. కాగితాలన్నీ మూత గట్టిగా పట్టే డబ్బాలో, ఆ పొట్లాల మధ్య ఉంటున్నాయి. అమ్మ ఆవకాయకి కూడా ఇంత జాగ్రత్త చేయదు.

చిన్నప్పుడు నేర్చుకున్నది ఏమైనా పనికొస్తుందా అని చూసుకున్నాను. రెండు కొండలు, మధ్యలో సగం సూర్యుడు, కిందికి ఒక ఏరు, పక్కన గుడిసె, కొబ్బరిచెట్టు, పైన టిక్కు మార్కుల్లాంటి కాకులు. అందరికీ వచ్చిన బొమ్మే. కానీ మేం విశాఖ పిల్లలం. తెల్లారగట్ల ఆర్కే బీచ్‌లో నిలబడితే సూర్యుడు సముద్రంలోంచే వస్తాడు, కొండలు వెనక ఉంటాయి. రోజూ చూసేదే కదా అని ఆరో తరగతిలో అలాగే వేస్తే మా డ్రాయింగు మాస్టారు పదికి మూడు ఇచ్చి, సూర్యుణ్ణి తిరిగి కొండల మధ్య పెట్టించారు. ఎదురుగా ఉన్నదాన్ని చూడకుండా బొమ్మ వేయడం నాకు అలా వచ్చింది. ముప్ఫై ఏళ్ల తరవాత ఇప్పుడు ఆ విద్య మర్చిపోవడానికి వేరే ఫీజు కడుతున్నాను.

చూసి వేయడం అలవాటు కావాలని ఆదివారాలు స్కెచ్ పుస్తకం పట్టుకుని బీచ్‌కి, కుర్సురా సబ్‌మెరైన్ ఎదురుగా ఉన్న గట్టు మీదికి వెళ్లేవాణ్ణి. మురీ మిక్చరు బండి దగ్గర నిలబడ్డ పిల్లలను గబగబా గీస్తుంటే వెనక ఐదారుగురు చేరేవాళ్లు. ఒకావిడ చాలాసేపు చూసి, "మా అమ్మాయి సైన్సు రికార్డులో గుండె బొమ్మ వేసిపెడతారా? పేజీకి ఎంత తీసుకుంటారు?" అని అడిగింది. ఈ వృత్తిలో రేటు గురించి ముందే మాట్లాడిన మనిషి ఇప్పటిదాకా ఆవిడ ఒక్కర్తే.

గీయగా గీయగా తెలిసిందేమిటంటే, నేను వేసిన పిల్లలు పిల్లల్లా లేరు. మొదటి కుర్రాడు నిక్కరు వేసుకుని జమాబందీకి వచ్చిన తహసీల్దారులా ఉన్నాడు. లెక్క ఎక్కడ తప్పిందంటే, పెద్దవాళ్ల పొడవు సుమారు ఏడున్నర తలలు, రెండు మూడేళ్ల పిల్లల పొడవు ఐదు తలలే. నేను పెద్దవాణ్ణే వేసి సైజు తగ్గించాను. మన ఇళ్లల్లో పిల్లల పెంపకం కూడా ఇంచుమించు ఈ పద్ధతిలోనే జరుగుతుంది కాబట్టి దీన్ని పూర్తిగా నా తప్పు అనడానికి లేదు.

మన పక్కన ఇంత గొప్పవాళ్లుండగా వీడియోలెందుకు అని ఒక పెద్దాయన మందలించారు. నిజమే. వడ్డాది పాపయ్య గారు 1921లో శ్రీకాకుళంలో పుట్టారు. అనకాపల్లి దాటగానే వచ్చే కశింకోటలో ఉంటూ చందమామ, యువ పత్రికలకి ముఖచిత్రాలు వేశారు. కింద మూల "వ.పా." అని సంతకం. నేను ఆ సంతకం దగ్గరే మొదలుపెట్టాను. నా పేరులో అక్షరాలు రెండు తీసుకుని రెండు వారాలు సాధన చేశాను. సంతకం బాగా కుదిరింది. దాని పైన వేయవలసిన భాగమే మిగిలింది.

చందమామ శంకర్ గారి సంగతి ఇంకా బాధాకరం. 2020లో, 96 ఏళ్ల వయసులో ఆయన పోయారు. ఆయన విక్రమార్కుణ్ణి ఏ నెల సంచికలో చూసినా, భుజాన శవం, చేతిలో కత్తి, అదే మనిషి అని చిన్న పిల్లాడు కూడా గుర్తుపడతాడు. అంత బరువు మోస్తూ కూడా ఆయన రాజు ముఖం మారలేదు. నా కథలో ఏడేళ్ల పిల్ల ఏమీ మోయకుండానే మూడో పేజీకి వేరే పిల్ల అయిపోయింది.

చివరికి ఏటికొప్పాక లక్క బొమ్మలు నాలుగు కొనుక్కొచ్చి బల్ల మీద పెట్టుకున్నాను. అంకుడు కర్రని తిప్పుతూ చెక్కి, తిరుగుతుండగానే లక్క రంగు పట్టిస్తారు. తిప్పి చేసినది గనక అంతా గుండ్రాలే. కాళ్లు గుండ్రం, తల గుండ్రం. అయినా ఎద్దు ఎద్దులాగే ఉంది. నేను ఒక మేకకి పొద్దున్నుంచి సాయంత్రం దాకా వెంట్రుకలు వేస్తే కుక్క వచ్చింది.

మేక ఎందుకంటే, ఈలోగా నాకు పని దొరికింది. ఒక ప్రచురణకర్త, ఒక రిటైర్డ్ అధికారి గారు రాసిన "గర్వపడిన మేక" అనే కథ ఇచ్చారు. మేక గర్వపడుతుంది, పరుగెత్తి పడుతుంది, అవ్వ లేవదీస్తుంది, మేక బుద్ధి తెచ్చుకుంటుంది. పేజీకి పద్నాలుగు లైన్లు, ఆఖర్న నీతి పెద్దక్షరాల్లో. బొమ్మకి అరచేయంత చోటు. "చిన్నపిల్లల బొమ్మలే కదండీ, రెండు రోజుల పని" అన్నారు ప్రచురణకర్త. డబ్బుల మాట ఎత్తితే "మీ పేరు వేస్తాం కదా" అన్నారు. మాట తప్పలేదు. నమూనా అట్ట పంపారు, వెనక అట్ట మీద ప్రింటింగ్ ప్రెస్ ఫోన్ నంబరు కింద, భూతద్దానికి అందే సైజులో నా పేరుంది.

చట్టం మాత్రం మా పక్షానే ఉంది. 1957 చాలా గొప్ప సంవత్సరం. నేషనల్ బుక్ ట్రస్ట్ పుట్టింది ఆ ఏడాదే, కార్టూనిస్టు శంకర్ పిళ్లై గారు చిల్డ్రన్స్ బుక్ ట్రస్ట్ పెట్టింది ఆ ఏడాదే, కాపీరైట్ చట్టం చేసిందీ ఆ ఏడాదే. ఆ చట్టం ప్రకారం, హక్కు ఎవరికీ రాసివ్వకపోతే, బొమ్మ మీద హక్కు వేసినవాడు పోయాక కూడా 60 ఏళ్లు ఉంటుంది. బతికున్నంతకాలం ఎలా గడవాలన్నది మాత్రం ఎవరి ఇష్టానికి వాళ్లకి వదిలేసింది.

పని మొదలుపెట్టాక తెలిసింది, కథ ఎంతుండాలో చెప్పేది రచయిత కాదు, కాగితం. పెద్ద షీటుకి రెండు వైపులా అచ్చు వేసి మడిస్తే పదహారు పేజీల ఫారం. రెండు ఫారాలైతే 32 పేజీలు. అందుకే ప్రపంచంలో చాలా బొమ్మల పుస్తకాలు 32 పేజీల దగ్గరే ఆగుతాయి. మేకకి బుద్ధి రావడం ఆలస్యమైతే కుదరదు, ముప్ఫయ్యో పేజీకల్లా వచ్చి తీరాలి. ఇంకో సంగతి, అంచు దాటి మూడు మిల్లీమీటర్లు అదనంగా రంగు వేయాలి, లేకపోతే కోతలో తెల్ల గీత మిగులుతుంది. దీన్ని బ్లీడ్ అంటారు. పేరు ఎవరు పెట్టారో గానీ బాగా తెలిసినవాళ్లే పెట్టారు. ఇక స్క్రీను తన రంగులను వెలుతురుతో చూపిస్తుంది, ప్రెస్సు నాలుగు సిరాలతో సరిపెడుతుంది. స్కాన్ చేసి నేను మెరుగుపెట్టిన ఆకాశం స్క్రీను మీద రుషికొండ సముద్రం, అచ్చులో ఫిషింగ్ హార్బరు నీళ్లు.

అన్నీ సరిచేసి, కాగితాలు మడిచి, స్టేపుల్ కొట్టి, పెన్సిల్ బొమ్మలతో నమూనా పుస్తకం చేశాను. రచయిత గారు చూసి "అద్భుతం. మేక ఇంకొంచెం నవ్వాలి, పైపళ్లు కనబడాలి" అన్నారు. పళ్లు పెట్టాను. ప్రచురణకర్త ఫొటోలు ఫోన్లో చూసి "ఓకే సార్" అన్నారు. పక్క సీటాయన బొటనవేలు గుర్తు పంపారు. పని అయిపోయింది. అయిపోయి ఉండేది.

ఆ ఆదివారం కంచరపాలెం నుంచి మా అక్క, దాని కూతురు వచ్చారు. మేనకోడలికి ఆరేళ్లు, ఒకటో తరగతి. పుస్తకం దాని ఒళ్లో పెట్టి నేను గొంతు సవరించుకుని "అనగనగా ఒక మేక" అని మొదలుపెట్టాను. అది వినడం లేదు. వేలితో బొమ్మల మీద రాస్తోంది. రెండో పేజీ దగ్గర ఆగింది. మూడు, నాలుగు, ఐదు తిప్పింది. మళ్లీ రెండుకి వచ్చింది.

"మావయ్యా, పిల్లి ఏది?"

రెండో పేజీలో గోడ మీద కాస్త ఖాళీగా ఉందని ఒక పిల్లిని వేశాను. కథలో పిల్లి లేదు.

"అది కథలో పిల్లి కాదమ్మా. ఊరికే వేశాను."

"ఊరికే ఎందుకేశావు?"

సమాధానం లేదు. అది ఆరో పేజీ తిప్పింది. అక్కడ నుయ్యి ఉంది. దాని ముఖం మారిపోయింది. "నూతిలో పడిపోయిందా?"

పడలేదని ఒట్టు వేయాల్సి వచ్చింది. మరి ఏ పేజీలో ఉందో చూపించమంది. మేక గర్వం సంగతి చెప్పబోతే "ఆగు మావయ్యా" అంది. వెతుకుతూ వెతుకుతూ మిగతావన్నీ బయటపెట్టింది. బొమ్మలో పాప జడ ఇందాక ఇటుండేది, ఇప్పుడు అటెందుకుంది. అవ్వకి ముక్కేది. ముక్కు ఉంది, రెండు పేజీల మధ్య మడతలోకి పోయింది. ఆ మడత దగ్గర ముఖాలు పెట్టకూడదని వీడియో మాస్టారు చెప్పారు, నేనే కాఫీ తెచ్చుకోడానికి లేచాను. ఆఖరికి మేక ముఖం దగ్గరికి వచ్చి, కాసేపు చూసి, "దీనికి పైపళ్లేటి? మేకకి ముందు పైన పళ్లుండవు. మా పక్కింటోళ్ల మేక నాకు తెలుసు" అంది.

ముగ్గురు పెద్దవాళ్లు చూసి సరే అన్న పుస్తకం. ఐదు నిమిషాల్లో అవ్వకి ముక్కు లేదు, మేకకి పళ్లు లేవు, పిల్లి నూతిలో ఉంది. నేను పిల్లలను తప్పించాలన్నది ఊరికే కాదు.

ఏఐ యాప్‌కి చెప్తే క్షణంలో వేసిపెడుతుంది కదా అని పక్క సీటాయన సలహా ఇచ్చారు. అదీ చూశాను. ప్రతి పేజీలోనూ పిల్లి వచ్చింది. ప్రతి పేజీలోనూ వేరే పిల్లి.

చేసేది లేక మళ్లీ కూర్చున్నాను. ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు పుస్తకాలు ఉచితంగానే ఉన్నాయి. రాత్రిళ్లు అవి తిరగేస్తూ, మాటలు చదవకుండా బొమ్మలే చూశాను, మేనకోడలి పద్ధతిలో. మంచివాటిలో మాటలు ఒకటి చెబుతుంటే బొమ్మలో మూలన ఇంకోటి ఏదో నడుస్తోంది. మూడు వారాలు పట్టింది. ఇప్పుడు నా పిల్లి గోడ దిగి, మూడో పేజీలో అవ్వ పాలగిన్నె వాసన చూసి, తరిమించుకుని, మేక వెనక నక్కి, నూతి గట్టు మీద ఒళ్లు విరుచుకుని, ఆఖరి పేజీలో అవ్వ ఒళ్లో నిద్రపోతోంది. తోక చివర తెలుపు ప్రతి పేజీలోనూ ఉంది, స్కేలు పెట్టి కొలిచాను.

మొన్న మేనకోడలు మళ్లీ వచ్చింది. చివరిదాకా తిప్పింది. వెనక్కి తిప్పి మొదటినుంచి మళ్లీ చూసింది. నూతి దగ్గర నవ్వింది. మూసి, అట్ట మీద బొమ్మ చూసింది.

"బావుంది మావయ్యా. మరి ఈ మేకెందుకు?"

రచయిత గారి నుంచి ఈ ఉదయం రెండుసార్లు ఫోన్ వచ్చింది. ఇంకా ఎత్తలేదు.